ఆ మాట కీల్ గారిది కాదు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది మార్చి ఆరవ తేదీన, దక్షిణ ఆస్ట్రేలియా తీరంలోని మరిండా విమానాశ్రయంలో సహ పైలట్‌గా విధుల్లో చేరిన శ్రీమతి హెస్టర్ కీల్ గారు, ముప్పై అయిదేళ్ల నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున కెప్టెన్‌గా పదవీ విరమణ చేస్తున్నారు.

మరిండాలో రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి. ఒకదానిపై దిగే పైలట్ కూడలికి ముందే ఆగుతానని రేడియోలో మాటిస్తేనే, రెండవదానిపై మరో విమానాన్ని కదలనిస్తారు. అలవాటు కొద్దీ ముందు మాటిచ్చి, తరువాత లెక్క చూసుకునే మహానుభావులు మనలో లేకపోలేదు. కీల్ గారు మాత్రం కిందికి దిగకముందే గాలిని, బరువును, కూడలి దూరాన్ని బేరీజు వేసి, ఎన్ని మీటర్లలో ఆగగలరో చీటీపై రాసి ఎదుట అంటించుకునేవారు. రన్‌వే తడిస్తే ఆ మాట ఇవ్వనే ఇవ్వరు. "ఒప్పుకోడానికి నోరుంటే చాలు నాయనా, ఆగడానికి మీటర్లు కావాలి" అని కొత్తవారిని దెప్పడం ఆమెకు పరిపాటి.

తొంభై ఎనిమిదిలో కెప్టెన్ అయ్యారు. రెండు వేల పదకొండు ఆగస్టులో ఒక మధ్యాహ్నం, నలభై ఒక్క మంది ప్రయాణికులతో దిగుతుండగా, సముద్రపు జల్లు ఒకటి రన్‌వేను తడిపి పోవడం ఆమె, పక్కనున్న సహ పైలట్ డెస్మండ్ ప్రాట్ గారు చూశారు. విమానాలను నియంత్రించే టవర్ వైపు ఎండ కాస్తూనే ఉంది, తడి వారికి కనబడలేదు. కూడలికి ముందే ఆగమని టవర్ ఆదేశించింది. ఆమె ఇంకా పెదవి విప్పలేదు.

"కూడలికి ముందే ఆగుతాం" అంది రేడియోలో ఆమె గొంతు.

ప్రాట్ గారు ఆమె వైపు తిరిగారు. "కెప్టెన్, ఇప్పుడు మాట్లాడింది మీరేనా?"

"కాదు. నువ్వూ విన్నావా?"

"విన్నానండీ."

"హమ్మయ్య, పిచ్చి నాకొక్కదానికే కాదన్నమాట." ఆమె వెంటనే రేడియో మీట నొక్కారు. "టవర్, ఆ మాట నాది కాదు! మేం ఆగలేం, మళ్లీ పైకెళ్తున్నాం. అవతలి విమానాన్ని ఆపండి!"

అప్పటికే కదిలిన ఆ విమానం కూడలికి చాలా ముందే ఆగింది. అందరూ బతికారు.

సాయంత్రం టవర్‌లో రికార్డు వేసి విన్నారు. గొంతు ఆమెదే. దాని వెనుక కీచుమంటూ సాగిన బ్రేకుల చప్పుడు, ఆపై ప్రాట్ గారి కేక ఉన్నాయి. ఆ రోజు ఆమె బ్రేకు వేయనే లేదు, ఆయన కేక వేయనే లేదు.

ఆనాటి నుంచి కీల్ గారు ఎందరికో శిక్షణనిచ్చారు. ఆ గొంతు అప్పుడప్పుడు ఒప్పుకుంటూనే ఉండేది, టవర్ వారు ఆమెను రెండోసారి అడిగి నిర్ధారించుకునేవారు. ఇకపై అడగనక్కర లేదు, వినబడితే అది ఆమె కాదని అందరికీ తెలుసు.

కీల్ గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, ఆ గొంతు మాత్రం వారి గుమ్మానికి ముందే ఆగిపోవాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము.