బేస్‌బాల్ కోసం నేను ఆడిన అబద్ధం

అధ్యక్ష స్థానంలో ఉన్న మా ప్రధానోపాధ్యాయులు దేవదానం గారికి, ఎండను లెక్కచేయక పటాన్‌చెరు నుంచి వచ్చిన పెద్దలకు, పాఠశాల కమిటీ సభ్యులు రామన్న గారికి, పంతొమ్మిదేళ్ళు నాతో సర్దుకుపోయిన తోటి ఉపాధ్యాయులకు, లడ్డూలు ఎప్పుడు పంచుతారా అని నేల మీద ఓపిగ్గా కూర్చున్న పిల్లలకు ఈ డ్రిల్ టీచర్ జయశీల నమస్కారాలు. (నవ్వులు)

ఇంతవరకు మాట్లాడినవాళ్ళందరూ నన్ను ధైర్యవంతురాలన్నారు. ఆడపిల్లల చేత బేస్‌బాల్ ఆడించి, దాన్ని జిల్లా పాఠశాలల ఆటల జాబితాలోకి ఎక్కించిన గుండె నాదని రామన్న గారు అన్నారు. ఆ మాటలు నాకు చెల్లవు. ఎందుకో ఇవాళ ఈ వీడ్కోలు సభలో చెప్పి వెళ్ళకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేను.

1969లో, జహీరాబాదు వైపు మిషన్ ఆస్పత్రిలో పనిచేసి అమెరికా తిరిగి వెళ్ళిపోతున్న ఒక డాక్టరమ్మ మా చర్చికి వచ్చి నాకో గోనెసంచి ఇచ్చారు. అందులో రెండు బ్యాట్లు, ఆరు తోలు గ్లౌజులు, రాయిలాంటి బంతులు నాలుగు, ముఖానికి కట్టుకునే ఇనుప మాస్కు ఒకటి, నియమాల పుస్తకం ఒకటి ఉన్నాయి. ఆ పుస్తకం చదివి నేను నేర్చుకుని పిల్లలకు నేర్పాను. మొదటిరోజు మన అటెండర్ సత్తయ్య చూసి, "గిది మన చిర్రగోనెనే గద టీచరమ్మా, చిర్రకు బదులు బంతి వెట్టిన్రు" అన్నాడు. (నవ్వులు) నవ్వకు సత్తయ్యా, బిళ్ళంగోడుతో పోల్చిన నీ మాట తప్పు కాదు.

అయితే ఆడుకోవడం వేరు, జాబితాలో ఉండటం వేరు. జాబితాలో ఉన్న ఆటకైతే సర్టిఫికెట్ వస్తుంది. మన చుట్టూ అప్పుడప్పుడే లేస్తున్న ఫ్యాక్టరీల్లో ఆ కాగితం చూపిస్తే ఆడపిల్లకు కూడా ఆఫీసులో ఒక కుర్చీ దొరుకుతుందని నా ఆశ. నాలుగేళ్ళలో ఏడు అర్జీలు పెట్టాను. 1974 ఫిబ్రవరిలో జవాబు వచ్చింది. ఒక అధికారి వచ్చి ఆట చూస్తారు, పిల్లలకు ప్రమాదం లేదని తేలితే జాబితాలో చేరుస్తారు అని.

ఆయన రావడానికి ఐదు రోజుల ముందు, సాయంత్రం బడి విడిచాక ఆడిస్తున్నాను. పదో తరగతి కౌసల్య మా క్యాచర్. అంటే బ్యాటు పట్టిన పిల్ల వెనకాల గొంతుక్కూర్చుని, వచ్చే బంతిని పట్టుకునే మనిషి. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, "టీచర్, మాస్కు పట్టీ తెగింది. రేపు కుట్టిచ్చుకొని ఆడుదమా?" అని అడిగింది. నేనేమన్నానో ఆ పిల్ల గాక విన్నవాళ్ళు ఈ సభలో ఇంకొకరున్నారో లేదో తెలియదు. "ఇయ్యాల ఒక్కనాడు ఉత్తగనే కూసో" అన్నాను.

పది నిమిషాలు కాలేదు. బంతి బ్యాటు అంచుకు తగిలి వెనక్కి లేచింది. పచ్చి కొమ్మ విరిగినట్టు ఒక చప్పుడు. కౌసల్య రెండు చేతులతో ముఖం కప్పుకుని ముందుకు ఒరిగింది. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారింది. రోడ్డు మీద పోతున్న లారీని ఆపి సంగారెడ్డి ఆస్పత్రికి తీసుకుపోయాను. ఎడమ కన్ను. డాక్టరు రెండు కళ్ళకూ కట్టు కట్టి, "ఆరు రోజుల తర్వాత విప్పితే గాని ఏమీ చెప్పలేను" అన్నారు.

తిరిగి వచ్చి, ఇస్నాపూర్‌లో బస్సు దిగి ఆ పిల్ల ఇంటివాళ్ళు కిరాయికున్న గదికి నడిచిన దారి నాకిప్పటికీ కలలోకి వస్తుంది. తండ్రి పోచయ్య ఫ్యాక్టరీలో వెల్డింగు పని చేస్తాడు. కోపిష్టి అని పేరు. ఉద్యోగం పోతుంది, కేసు అవుతుంది, పిల్ల గుడ్డిదవుతుంది, ఈ మూడే నా తలలో తిరుగుతున్నాయి. తలుపు తీసింది తల్లి పుష్పమ్మ. నా చీర మీద రక్తం చూసి, "ఏమైంది టీచరమ్మా?" అంది.

"బడి మెట్ల మీద జారిపడ్డది" అన్నాను.



దేవదానం గారూ, మీకూ మర్నాడు అదే చెప్పాను. మీరు నమ్మారు.

ఆస్పత్రిలో డాక్టరు కట్టు పక్కన కమిలిన గుర్తు చూస్తూ, "మెట్టు గిట్ల గుండ్రంగ ఉంటదా అమ్మా?" అని నావైపు చూశారు. పక్కనే పోచయ్య. నేను మంచం కడ్డీ పట్టుకున్నాను. పోచయ్య వంగి, "ఎట్ల తగిలింది బిడ్డా?" అని అడిగాడు. కళ్ళకు కట్టుతో పడుకున్న ఆ పిల్ల, తల్లి నోట అప్పటికే నా మాట విన్నట్టుంది, "మెట్ల మీద పడ్డ నాయినా" అంది. అతను చాయ్ తేవడానికి బయటికి పోగానే గాలిలో చెయ్యి వెతుక్కుని నా కొంగు పట్టుకుంది. "టీచర్, ఆట ఆపకుండ్రి."

నా అబద్ధం తప్పించుకోవడానికి. ఆ పిల్ల అబద్ధం ఆట కోసం. రెండూ ఒకటి కావని నాకు ఆ క్షణానే తెలిసింది. తెలిసి కూడా నోరు మెదపలేదు, అంత భయం.

అధికారి వచ్చారు. కౌసల్య స్థానంలో యాదమ్మ, మాస్కును సుతిలి తాడుతో కట్టుకుని కూర్చుంది. పోచయ్య రాత్రి షిఫ్టు దిగి, బిడ్డ అంతగా చెప్పుకునే ఆట ఏందో చూద్దామని వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. ఆట అయ్యాక అధికారి కాగితం మీద కలం పెట్టి, "ఇన్నేళ్ళలో ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని అడిగారు. దేవదానం గారు, తెలియదు కనుక, లేదండీ అన్నారు. ఆ పాపం మీది కాదు సార్.

కలం కదలబోతోంది. ఆ సంతకం పడితే జిల్లాలో ఇంకెన్ని బళ్ళలో ఎందరు పిల్లలు ఉత్త ముఖంతో కూర్చుంటారో అనిపించింది. ధైర్యం కాదండీ, అంతకంటే పెద్ద భయం వచ్చి నా చిన్న భయాన్ని నెట్టేసింది. "తగిలింది సార్. కౌసల్యకు. మాస్కు లేకుండా నేనే కూర్చోబెట్టాను. మెట్లన్నది అబద్ధం" అన్నాను.

ఆయన కలం మూసి, కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయారు. మైదానం ఖాళీ అయింది. పోచయ్య నా ముందుకు వచ్చాడు. కొడతాడనే అనుకున్నాను.

"నా బిడ్డ కన్ను పోతె ఏం జేద్దువు టీచరమ్మా?"

అతనే మళ్ళీ, "నన్ను సూసి భయపడ్డవు. పిల్ల ముఖం సూసి భయపడకపోతివి" అని వెళ్ళిపోయాడు. నాకు ఈ జన్మలో పడిన శిక్ష అంతే. చాలింది.

మర్నాడు కట్టు విప్పారు. "వెలుగు కనవడుతుంది" అంది కౌసల్య. నేను వరండాలో కూలబడి ఏడ్చాను.

తర్వాత రెండో ఆదివారం పోచయ్య మా ఇంటికి వచ్చాడు. చేతిలో మూడు మాస్కులు, ఇనుప చువ్వలు వంచి, అతికి, లోపల పాత కంబళి ముక్కలు కుట్టినవి. "లోపలికి రా పోచయ్యా" అంటే రాలేదు. "మాట్లాడేటందుకు రాలె. గివి లేకుంట ఒక్క పిల్లను గూడ కూసోవెట్టకు" అని గడపలో పెట్టి వెళ్ళాడు. వాటి ఫోటో తీయించి, జరిగింది జరిగినట్టు రాసి, ఎనిమిదో అర్జీ పెట్టాను. 1975 జూన్‌లో ఉత్తర్వు వచ్చింది. మాస్కు తప్పనిసరి అన్న షరతుతో బేస్‌బాల్ జాబితాకెక్కింది. (చప్పట్లు) వద్దు, చప్పట్లు కొట్టకండి. అప్పటికి కౌసల్య బడి దాటిపోయింది. ఆ సర్టిఫికెట్ ఆమెకు రాలేదు. ఇప్పుడు మందుల కంపెనీలో ప్యాకింగు పని చేస్తోంది.

రేపటి నుంచి నా స్థానంలోకి వస్తున్న కమలాకుమారి గారూ, బంతి బ్యాటుకు తగిలిన ప్రతిసారీ నాకిప్పటికీ గుండె ఆగుతుంది. మీకూ అట్లాగే కావాలని కోరుకుంటున్నాను, ఏమనుకోకండి.

కౌసల్య ఇవాళ సభకు వచ్చింది, వెనుక వరుసలో ఉంది. కౌసల్యా, మూడేళ్ళుగా పండుగకూ పబ్బానికీ కలుస్తూనే ఉన్నాం. జవాబుకు భయపడి ఒక్క మాట నిన్ను అడగలేదు. ఆ కన్ను ఎంత కనిపిస్తుందమ్మా?

(కౌసల్య లేచి, కుడి కన్ను అరచేత్తో మూసుకుని వేదిక వైపు చూసి: "మనిషి నిలవడ్డట్టు తెలుస్తుంది టీచర్. ముఖం తెలుస్తలేదు. గొంతు విని మీరే అనుకుంటున్న.")



అడిగాను. విన్నాను. ఇన్నేళ్ళు నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. కౌసల్యా, నేను దిగి నీ దగ్గరికి వస్తున్నాను, అక్కడే ఉండు. పెద్దలందరి దగ్గరా సెలవు.