స్లాబు మీద సున్నం

సిరిసిల్లలో ఆనందం ఇంటి ముందు, కొత్తగా వేసిన పందిరి కింద. చనిపోయిన అతని భార్య మంజులకు అక్క సత్యవ్వ, కోరుట్ల నుంచి మిట్టమధ్యాహ్నం వచ్చి నిలబడింది. ఎందుకొచ్చిందో ఆనందానికి తెలుసు. అందుకే కూర్చోమనలేదు.

“ఎవరామె?”

“ఎవరు ఎవరు, వదినె?”

“ఏం తెల్వనట్టు మాట్లాడకు, ఆనందం. ఇంటికి సున్నమేసినవ్. ముంగట పందిరేసినవ్. మా కోరుట్ల దాకా ఎరుకైంది. పిల్లది ఏ ఊరు?”

“పిల్లనా? నాకు యాభై దాటినయి.”

“నీ ఏండ్లు అడిగిన్నా? పిల్లది ఏ ఊరు?”

“గోడలు సూడు. గోడలకేసిన్నా? స్లాబు మీదనే ఏసిన. ఎండకు.”

“స్లాబు మీద సున్నమెవడేస్తడు?”

“గిప్పుడు అందరేస్తున్నరు. తెల్లగుంటే ఎండ ఎన్కకు మళ్లుతదట. కూల్ రూఫ్ అంటరు. మున్సిపాలిటీ సార్లు గల్లీకచ్చి చెప్పిపోయిండ్రు. దేశమంతా ఎండలు ముదిరినయి, ఎక్కడోళ్లక్కడ సల్లగ చేసుకోవాల్నట.”

“దేశాన్ని సల్లగ చేసేటందుకు నీ స్లాబే దొరికిందా?”

“స్లాబు కింద మరమగ్గాలున్నయి, సాంచెలు నడవాలె కద! వేడికి పోగులు పటపట తెగుతున్నయి. ఎండెక్కితే పనోళ్లు బయటికి ఉరుకుతున్నరు.”

“మరి పందిరి?”

“ఉరికినోళ్లు కూసునేటందుకు.”

“మామిడాకుల తోరణం?”

“అది నేను గట్టలే. గల్లీ పోరగాండ్లు ఎక్కిరిచ్చుటానికి కట్టిండ్రు.”

“మరి తెంపలేదేంది?”

“నీడకు ఉండనీ అని.”

“తోరణం నీడిస్తదా?”

“కూసో వదినె.”

“కూసోను. ఆటో ఆగున్నది. బాజాలోడు అచ్చి తారీకు అడిగిండట?”

“తిట్టి పంపిన.”

“పంతులు?”

“మంచినీళ్లిచ్చిన. ఎండల పడి అచ్చిండు.”

“బాజాలోడు ఎండల రాలేదా?”

“పంతులును తిడుతరా, వదినె?”

“తాగుతున్నవా ఇంకా?”

“లేదు. గీ ఎండలకు మందు తాగద్దన్నరు సార్లు.”

“నా చెల్లె జిందగంత మొత్తుకున్నది, ఇనలే. సార్లు ఒక్కపారి చెప్తే ఇన్నవ్!”

“ఆమె చెప్పినప్పుడు గింత ఎండ లేకుండె.”

“వంటెవరు చేస్తున్నరు?”

“నేనే.”

“నిన్నేం చేసినవ్?”

“పచ్చిపులుసు.”

“ఇయ్యాల?”

“నిన్నటిదే ఉన్నది.”

“బీపీ?”

“ఉన్నది.”

“షుగర్?”

“లేదు. ఏంది వదినె, దవాఖానల అడిగినట్టు?”

“అడిగితే చెప్పాలె. గురక?”

“పండుకున్నోనికి ఎట్ల ఎరుకైతది? వదినె, ఒకటి ఇను. మంజుల పోయినంక నా గడప తొక్కినోళ్లెవరు? తిన్నవా అని అడిగినోళ్లెవరు? బువ్వకాడికి రానోళ్లు సున్నం కాడికి ఉరికచ్చిండ్రు.”

“నేను…”

“నువ్వు గూడ. పోయి అందరికి చెప్పు. నేనెవల్ని చేసుకుంటలేను. కావాలంటే మంజుల ఫోటో మీద…”

“ఒట్టు పెట్టకు!”

“పెడితే నీకేంది?”

“పెట్టకు అంటున్న కదా! చెయ్యి దించు. నిజంగనే ఎవలు లేరా?”

“లేరు.”

“ఎవలకు మాటియ్యలే?”

“ఇయ్యలే అంటున్న!”

“హమ్మయ్య. గీ ముక్క ముందే చెప్పద్దా? నా పానం పోయినంత పనైంది.”

“నీ పానమెందుకు పోతది?”

“మా ఆడబిడ్డ కవితను ఎరుకే కద. మొగడు పోయినకాడి నుంచి రేకుల రూంల ఒక్కతే బీడీలు చేసుకుంట ఉడుకుతున్నది. నీ సున్నం ముచ్చట ఇని, ఇంకెవలన్న ఎగరేసుకపోతరని తోల్కచ్చిన. ఆటోల కూసున్నది.”

“ఆటోల? ఎప్పటిసంది?”

“నేనచ్చినకాడి నుంచి.”

“సోయి ఉన్నదా వదినె నీకు? గింత ఎండల మనిషిని ఆటోల కూసోబెట్టి, నా గురక గురించి అడుగుతున్నవా? జెల్ది లోపలికి తోల్కరా. లోపల సల్లగున్నది.”