గ్లాసులో లేని చీటీ

(ఇండోనేషియాలోని రెంబాంగ్‌లో ఆడపిల్లల మదరసా హాస్టలు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక, బట్టలారేసే మేడ మీద కినాంతి, ఆమె పెదనాన్న కూతురు వెనింగ్.)

“నా చీటీ గ్లాసులో వేయలేదు కదూ నువ్వు?”

“ఏ చీటీ?”

“ఏ చీటీయా? వెనింగక్కా, నా మొహం చూసి చెప్పు. శుక్రవారం శుక్రవారం గ్లాసు ఊపి చీటీ తీసేది నువ్వే. ఎవరి పేరొస్తే ఆ వారం మెలాతి కథల కొత్త పుస్తకం వాళ్ళది. మొదట నీ పేరే వచ్చింది. నువ్వు చదివాక గదిలో అందరి పేర్లూ వచ్చాయి, నాది తప్ప.”

“నీ అదృష్టం అలా ఉంది. ఆఖర్న వస్తుందిలే.”

“ఎక్కణ్ణుంచి వస్తుంది? నిన్న గ్లాసు తిరగేసి చూశాను. ఖాళీ. అందుకే ఫిత్రియా పరుపు కింద నుంచి పుస్తకం లాక్కుని చదివేశాను.”

“చదివేశావా? మొత్తం?”

“మొత్తం. క్లాసుకి పోకుండా, కడుపునొప్పని దుప్పటి ముసుగేసుకుని మరీ.”

“బట్టలు తియ్యవే, వానొచ్చేలా ఉంది.”

“మాట మార్చకు. ఆ రచయిత్రికి చేతులెలా వచ్చాయక్కా అలా రాయడానికి? తొమ్మిది పుస్తకాలు. ఆరో క్లాసులో మొదలుపెట్టాను. ఆ మెలాతి తప్పిపోయిన వాళ్ళ నాన్న కోసం దీవి దీవీ తిరిగింది, పడవ మునిగింది, జుట్టు కత్తిరించుకుంది. నేనూ కత్తిరించుకున్నాను, గుర్తుందా?”

“లేకేం. మీ అమ్మ తిట్టింది నన్నే కదా.”

“తీరా పదో పుస్తకంలో చూస్తే ఆయన మకస్సార్‌లో మాంసం పుల్లలకి గుచ్చి కాల్చే సాటే కొట్టు పెట్టుకుని కూర్చున్నాడు. వేరే పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. బొగ్గులు విసురుతూ, ‘ఎన్ని పుల్లలమ్మా?’ అని కన్నకూతుర్నే అడుగుతాడు. గుర్తు కూడా పట్టడు.”

“కథే కదే.”

“కథే కదా అని నువ్వంటున్నావా? కొత్త పుస్తకమొస్తే చేతులు కడుక్కుంటే గానీ ముట్టనిచ్చేదానివి కాదు. నమ్మించి గొంతు కోసింది ఆ రచయిత్రి. సరే, ఆవిడెవరో నాకు తెలీదు. నువ్వెందుకు కోశావ్?”

“నువ్వు చదవకూడదనుకున్నాను. సెలవులదాకా ఎలాగోలా గడిపేస్తే చాలనుకున్నాను.”

“ఎందుకు?”

“బాధపడతావని.”

“అందరూ బాధపడ్డారు. ఫిత్రియా అన్నం మానేసింది. వాళ్ళకెందుకిచ్చావు మరి?”

“వాళ్ళ సంగతి వేరు.”

“నాకు నాన్న లేడని జాలా?”

“జాలి కాదే.”

“మరేంటి? పోల్చుకుంటాననా? పిచ్చిదానివా ఏంటి, మా నాన్న సముద్రంలో పోయాడు. ఆ సాటే ముసలాడిలా కట్టుకున్నదాన్ని, కూతుర్ని నట్టేట్లో వదిలేసి పోయే రకం కాదు.”

“అవును.”

“అవునంటూ అటు తిరుగుతావేం? అక్కా. ఇటు చూడు. ఏడుస్తున్నావెందుకు?”

“నన్నడక్కు. నాన్న ఒట్టు వేయించుకున్నాడు.”

“పెదనాన్నా? ఈ పుస్తకంతో పెదనాన్నకేం పని?”

“పుస్తకంతో కాదు.”

“మరి దేంతో? చెప్పవే. నువ్వు కూడా దాస్తే నేనింక ఎవర్ని నమ్మను?”

“ఏటా బాబాయి పోయిన రోజున ఆయన ఆత్మశాంతికి ఫాతిహా చదివించి, దువా చేయించి ఊరందరికీ భోజనం పెడతారు కదా మీ ఇంట్లో. మా నాన్న ఒక్కసారైనా వచ్చి కూర్చున్నాడా?”

“లేదు. పోయిన తమ్ముణ్ణి తలుచుకుంటే తట్టుకోలేడని మా అమ్మ అంటుంది.”

“అందుక్కాదు కినాంతీ. బతికున్న తమ్ముడికి ఫాతిహా ఎలా చదవమంటావని, ఆ రోజంతా తలుపేసుకుని కూర్చుంటాడు.”