ఈజిప్టు అల్లుడు

ఎడిసన్‌ ఊళ్లో ఇండియన్ స్టోర్‌లో కూరగాయలు కొనుక్కుని తల్లీకూతుళ్లు కారెక్కారు.

"అమ్మా, నేను పెళ్లి చేసుకుందామనుకుంటున్న తామెర్ వాళ్లది ఈజిప్టు."

"అంటే, అరబ్బులా?"

"వాళ్ల నాన్ననడిగితే, ఇంట్లో మాట్లాడేది అరబిక్కే కాబట్టి అరబ్బులమే అంటారు. నానమ్మ ఒప్పుకోదు. అరబ్బులు నిన్నగాక మొన్న వచ్చారు, మేం పిరమిడ్లు కట్టినవాళ్లం అంటుంది."

"నన్ను ఆఫీసులో హిందీవాళ్లా అంటే ఒళ్లు మండుతుందే, అలాగన్నమాట. మరి అబ్బాయేమంటాడు?"

"ఎవరి ముందుంటే వాళ్లదే రైట్ అంటాడు."

"ఇద్దరూ ఒకేసారి అడిగితే?"

"టీ పెట్టుకొస్తానని కిచెన్‌లోకి జారుకుంటాడు."

తల్లి పకపకా నవ్వింది.

"నాన్నకేం చెప్తావమ్మా?"

"అరబ్బో కాదో వాళ్లే తేల్చుకుంటారు గానీ, గొడవొస్తే వంటింట్లోకి పారిపోయే అల్లుడు మాత్రం మళ్లీ దొరకడని చెప్తా."