చివరి తూము దగ్గర మొదలైన తనిఖీ

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం, ప్రభుత్వ భూముల, జలవనరుల నిర్వహణను స్వతంత్రంగా తనిఖీ చేసే మన ఆడిట్ కార్యాలయంలో సహాయ అధికారిణిగా చేరిన మేడమ్ గారు, ముప్పై ఆరేళ్ళ అవిరామ సేవానంతరం నేడు సగౌరవంగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ అభినందన రాయవలసినవారు ఆమెతో ఊరూరా తిరిగిన టేపు సార్. కొలత టేపు చంకలో లేకుండా ఆయనను ఎవరూ చూడలేదు గనుక ఆ పేరే స్థిరపడింది. గత చలికాలంలో ఆయన కన్నుమూశారు. ఇంట్లో ఆయన పలుమార్లు చెప్పిన సంగతులనే, బడిలో పాఠాలు చెప్పుకునే ఆయన భార్య ఆయనకు బదులుగా ఇక్కడ కూర్చింది.

తొలి రోజుల్లో మేడమ్ గారికి దక్కింది మెట్ల కింది గది. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరేవి, ఆపితే ఊపిరాడేది కాదు. ఆ గదిలో పాత నివేదికలు చదువుతూ ఆమె ఒక సంగతి గ్రహించారు. కాలువల తనిఖీకి వెళ్ళిన ప్రతి బృందమూ జలాశయం గేట్ల వద్ద బయలుదేరి, మిట్టమధ్యాహ్నానికి అలసిపోయి, సగం దారిలోనే వెనుదిరుగుతోంది. చివరి పొలం గట్టు తొక్కినవారు లేరు. తనకంటూ ఒక బృందం ఏర్పడగానే ఆమె ఆ వరుసను తలకిందులు చేశారు. ముందు చివరి తూము, ఆ తర్వాతే ఎగువకు నడక. నీరు అందవలసినవారిని ముందు అడిగి, ఇచ్చామన్నవారిని ఆ తర్వాత అడగాలన్నది ఆమె పద్ధతి. తనిఖీ జరిగే చోట పచ్చి మంచినీళ్ళు తప్ప మరేమీ ముట్టకూడదన్నది ఆమె నియమం. సహోద్యోగులు "చివరి తూము మేడమ్" అని బిరుదిచ్చారు. "అద్దె ఇల్లు చూడబోతే అమ్మ హాలు చూడదు, పై అంతస్తులో చివరి కుళాయి తిప్పి చూస్తుంది" అని మేడమ్ గారి అమ్మాయి నేటికీ నవ్విస్తుంటుంది.

సర్వీసులో పదిహేనో ఏట ఆ పద్ధతికి గట్టి పరీక్ష ఎదురైంది. నీరు అందినా సాగుచేయని ప్రభుత్వ పట్టా భూములను వెనక్కి తీసుకోవచ్చన్న నిబంధన చూపి, ఒక పెద్ద కాలువ చివర ఉన్న రైతు కుటుంబాల భూములన్నింటినీ లీజుకు ఇవ్వడానికి సన్నాహాలు జరుగుతున్నాయి. అక్కడికి నీరు అందుతోందా లేదా అన్న ఒక్క ప్రశ్న మీదే ఆ కుటుంబాల బతుకు ఆధారపడి ఉంది. తేల్చవలసినది మేడమ్ గారి బృందం.

చివరి తూము దగ్గరికి వెళ్ళేసరికి కాలువ ఒడ్డు దాకా నిండి ఉంది.

"కళ్ళారా చూశారుగా మేడమ్! ఇంకేం కావాలి? ఎండలో ఎందుకు, జీపెక్కండి" అన్నారు అక్కడి ఇంజనీరు గారు.

"నాకూ నిండుగానే కనిపిస్తోందండీ" అన్నారు టేపు సార్, కాస్త దిగులుగా.

మేడమ్ గారు నీటి మీద తేలుతున్న ఎండుటాకులనూ గడ్డినీ కాసేపు చూసి, చెప్పులు విప్పి కాలువలోకి దిగారు. కొద్ది అడుగులు వేశారో లేదో, బొటనవేలికి ఏదో గట్టిగా తగిలి ముందుకు తూలారు. టేపు సార్ గబగబా దిగి చెయ్యి అందించారు. తడిమి చూస్తే, నిలువుగా పాతిన గుంజ, దానికి ముడివేసిన తాడు.

"కాలువ నడుమ ఈ గుంజేంటండీ?"

"అదీ... ఎక్కడి నుంచో కొట్టుకొచ్చి ఉంటుంది మేడమ్."

"కొట్టుకొచ్చి, తనంతట తానే పాతుకుందాండీ?" అన్నారు టేపు సార్.

గట్టు మీద గేదెను పట్టుకుని నిలబడిన అవ్వ ఇక ఊరుకోలేకపోయింది. "అది మా గేదెది తల్లీ! ఏళ్ళ తరబడి అక్కడే కడుతున్నా. తెల్లారేసరికి దాని పొట్ట దాకా నీళ్ళు! వదిలేముందు ఓ మాట చెప్పొద్దూ? బెదిరిపోయి, పొద్దున చుక్క పాలివ్వలేదు!"

వాచిన వేలితోనే మేడమ్ గారు ఎగువకు నడిచారు. నీరంతా చివరికే చేరేలా దారిలోని తూములన్నింటికీ ఆ ఉదయమే తాళాలు పడ్డాయి. కొన్నాళ్ళ తర్వాత, ఎవరికీ చెప్పకుండా, ఇద్దరూ బస్సులో మళ్ళీ వెళ్ళారు. కాలువ ఎండి ఉంది. గేదె తన గుంజకు తాను కట్టుబడి, కాలువ నడుమ పడుకుని ఉంది.

"సాక్షి నెమరేస్తోంది మేడమ్" అన్నారు టేపు సార్.

ఆ తర్వాత జరిగిన సమావేశంలో పై అధికారులు ఆమెను నిలదీశారు. "నీళ్ళు చూసి కూడా లేవని ఎలా రాస్తారు?"

"చూశానండీ. తొక్కాను కూడా. ఆ రోజు వచ్చాయనే రాశాను. మిగతా రోజులు రాలేదని కూడా రాశాను."

ఎంతమంది చెప్పినా ఆమె ఒక్క వాక్యం మార్చలేదు. నివేదిక చట్టసభ ముందుకు వెళ్ళింది. భూముల స్వాధీనం ఉత్తర్వు రద్దయింది. ఎగువన కాలువ నీటిని మళ్ళించుకోవడానికి అక్రమంగా వేసిన గొట్టాలు పీకించారు. రెండో వర్షాకాలానికి చివరి తూము నుంచి నీరు పొలాల్లోకి దూకింది. ఒక్క కుటుంబం కూడా భూమి వదిలి కదలలేదు. అవ్వ మాత్రం గుంజను గట్టు మీదికి మార్చుకోవలసి వచ్చింది.

తదనంతరం మేడమ్ గారు విభాగాధిపతి అయ్యారు, ఎందరో యువ అధికారులను తీర్చిదిద్దారు. నేడు ఈ కార్యాలయం నుంచి బయలుదేరే ప్రతి బృందమూ కాలువ చివరి నుంచే నడక మొదలుపెడుతోంది. ఇంతకు మించిన పురస్కారం ఏ అధికారికైనా ఉంటుందని అనుకోము.

ఆ రెండో వర్షాకాలంలో, నీరు పారుతోందో లేదో చూడడానికి ఇద్దరూ వెళ్ళినప్పుడు అవ్వ దారికి అడ్డం నిలబడిందట. "ఇవాళైనా ఇద్దరూ ఓ ముద్ద తినిపోండి."

"తనిఖీకి వచ్చి తినకూడదవ్వా" అన్నారట మేడమ్ గారు.

"మరెప్పుడు తింటారు?"

"ఉద్యోగం అయిపోయాక."

"అప్పటిదాకా నన్నుండమంటావా?"

"ఉండాలి మరి!"

అవ్వ ఉంది. మాట గుర్తుపెట్టుకుని, మనవడితో మొన్ననే ఫోను చేయించింది. రేపటి నుంచి మేడమ్ గారు ఆ ఇంట నిరభ్యంతరంగా భోజనం చేయవచ్చు. పిలుపు ఇద్దరిది, వెళ్ళేది ఒకరు. టేపు సార్ వంతు కూడా ఆమే తిని రావాలి. ఆయన ఏనాడూ తక్కువ తినేవారు కారు. అందుకు తగిన ఆకలి, ఆరోగ్యం, నిండు నూరేళ్ళ ఆయుష్షు మేడమ్ గారికి కలగాలనీ, ఆ చివరి తూము వద్ద నీటి చప్పుడు వింటూ ఆమె తృప్తిగా చేయి కడుక్కోవాలనీ మనసారా కోరుకుంటున్నాము.