రొట్టెలాయన పక్క చోటు

తల్లి రేపటి కచేరీ బట్టలు ఇస్త్రీ చేస్తోంది. బడిలో పిల్లలకు సంగీతం చెప్పే కూతురు గుమ్మానికి అడ్డంగా నిలబడి కదలనంటోంది.

“రావద్దంటే రావద్దు, అంతే.”

“ఎవరైనా వచ్చి పాడొచ్చని వీధివీధినా కాగితాలు అంటించారు మీ బృందం వాళ్ళు. వినడానికి నేనొక్కదాన్నే పనికిరానా?”

“నీకు రేపు బడి ఉందిగా.”

“రేపు ఆదివారం అమ్మా.”

“అయితే కాసేపు ఎక్కువ పడుకో.”

“మాట తప్పించకు. మీ బృందంలో ఆ రొట్టెలాయన ఎవరు?”

“రొట్టెలు చేసే ఆయన.”

“అమ్మా.”

“మరేం చెప్పను? బేకరీ ఉంది. గొంతు మంచిది.”

“ఆస్పత్రి వరండాలో పాడారు చూడు, ఆ రోజు వచ్చాను. రైల్వే స్టేషన్లో పాడినప్పుడూ వచ్చాను. మొన్న లైబ్రరీకీ వచ్చాను.”

“చెప్పలేదే?”

“చెప్తే చూడనిస్తావా? మూడు చోట్లా నువ్వు ఆయన పక్కనే. పాట మధ్యలో ఆయన నీ చెవి దగ్గరికి వంగుతాడు. నువ్వు తల ఊపుతావు.”

“నాకు కాపలా కాస్తున్నావన్నమాట.”

“కాయాల్సి వచ్చింది. నిప్పు లేనిదే పొగ రాదు.”

“ఈ వయసులో నాకు నిప్పేమిటే, మోకాళ్ళ నొప్పులు తప్ప.”

“నవ్వులాట కాదు. అసలు నువ్వు పాడనే పాడవు. పెదాలు కదులుతాయి, గొంతు రాదు. పొద్దస్తమానం పిల్లల పాటలు వినే చెవి నాది, నన్ను మోసం చెయ్యలేవు. పాట కోసం కాకపోతే మరి దేనికి వెళ్తున్నట్టు?”

“ఇస్త్రీ అయింది, బట్టలు లోపల పెట్టాలి, పక్కకి జరుగు.”

“జరగను. నాన్న పోయాక ఒంటరిదానివైపోయావు, నాకు తెలీదా? నేనేమీ అనను. కానీ నాతో ఒక్క మాట...”

“ఆయన నాకు శ్రుతి ఇస్తాడే.”

“ఏమిటి?”

“మా దగ్గర పరీక్షలు లేవు. ఎవరొచ్చినా చేర్చుకుంటారు. గొంతు జారేవాళ్ళని నిలకడైన గొంతు పక్కన నిలబెడతారు. నేను ఆగిపోతే ఆయన వంగి, ఎక్కడ అందుకోవాలో సన్నగా పాడి చూపిస్తాడు. వాళ్ళావిడ ముందు వరసలోనే పాడుతుంది. చూడలేదా?”

“లేదు.”

“నన్ను చూడ్డానికే సరిపోయింది పాపం.”

“సరే, తప్పు నాదే. మరి రేపు ఎందుకు రావద్దంటావు?”

“రేపు మొదటి పాదం నేనొక్కదాన్నే పాడాలి. పక్కన ఎవరూ ఉండరు.”

“నువ్వా? ఒక్కదానివే?”

“ఇదిగో, ఈ మొహమే. వంటింట్లో కూనిరాగం తీసినా ఇలాగే చిట్లిస్తావు.”

“నేనేమన్నానని?”

“ఏమీ అనవు. కళ్ళు మూసుకుంటావు. నేను ఆపేశాక తెరుస్తావు.”

“అదేదో అలవాటమ్మా, బడి నుంచి వచ్చింది. నీ గురించి కాదు. కానీ నిన్ను ముందు నిలబెట్టినవాళ్ళని అనాలి. మూడుసార్లు వచ్చాను, ఒక్కసారైనా నీ గొంతు వినపడిందా?”

“ఆ మూడుసార్లూ నువ్వు కనపడేదాకా పాడుతూనే ఉన్నాను తల్లీ.”