జిగురు ఆరేదాకా

వడ్రంగి మేస్త్రీ టీ బంకు బెంచీ మీద కూర్చున్నాడంటే నలుగురు చుట్టూ చేరినట్టే. ఆ రోజు ఐదో మనిషి కూడా ఉన్నాడు, మేస్త్రీ బావమరిది. గోడౌన్లో బస్తాలు మోసి మోసి నడుం పోగొట్టుకున్నవాడు. సోమవారం వాడికి వెన్ను ఆపరేషను. కిందటేడు మేస్త్రీకి చేసిందీ అదే. అరిగిపోయిన పూసల మధ్య ఎముక ముక్కలు పెట్టి, కడ్డీలు వేసి, స్క్రూలు బిగిస్తారు. లోపల ఎముక పెరిగి రెండు పూసలూ ఒకటైపోవాలి.

మేస్త్రీ పెళ్లాం మందుల సంచీతో వచ్చేసరికే ఆయన గొంతు వీధి మలుపు దాకా వినిపిస్తోంది.

"మొదట చిన్న మాటేలెండి. ఆ డాక్టరు నాకు ధైర్యం చెప్పబోయాడు. ఒళ్లు మండిపోయింది నాకు! 'నువ్వు ఇన్నేళ్లలో ఎన్ని స్క్రూలు బిగించావు, నేనెన్ని బిగించాను, నాకా చెప్తున్నావు?' అన్నాను. నోరెత్తితే ఒట్టు. ముందు సిగరెట్లు మానాలన్నాడు. బల్ల మీద బోర్లా పడుకుని మరీ ఒకటి కాల్చాను. మత్తిచ్చారా? ఏనుక్కిచ్చేంత ఇచ్చారు. ఎక్కితేగా!"

"అంటే మెలకువగానే ఉన్నావా మేస్త్రీ?" అన్నాడు టీ బంకు ఆయన.

"మెలకువేమిటి, చెవులు రిక్కించుకుని ఉన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో స్క్రూ వంకరగా దింపుతున్నాడు! చప్పుడు వింటే చాలు, తెలిసిపోదూ నాకు? 'ఆపరా! అది మనిషి వెన్ను, చొక్కా తగిలించే కొయ్య కాదు' అని ఒక్క అరుపు అరిచాను. నర్సులు ట్రేలు కింద పడేశారు. స్క్రూడ్రైవరు లాక్కుని, చెయ్యి వెనక్కి తిప్పి, చూడకుండా మిగతావన్నీ నేనే బిగించుకున్నా. డాక్టరు చెమట తుడిచాడు. నాది కాదు, తనది!"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆమె చూపు తమ్ముడి మీదుంది. వాడూ నవ్వడం లేదు. వారం నుంచి బిక్కచచ్చిపోయిన ఆ మొహంలోకి వెలుగొస్తోంది. అది చూసి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మర్నాడు నర్సమ్మ వచ్చి, నడుం తిప్పకూడదు, దుంగలాగా ఒక్కసారే దొర్లాలి అంది. నన్ను పట్టుకుని దుంగ అంటుందా! కోపంతో లేచానా, మంచం కూడా వీపుకంటుకుని లేచింది! లోపల ఇనుము, బయటా ఇనుమే కదా మరి. ఆ మంచంతోనే మెట్లు దిగాను. దారిలో ఆ డాక్టరే నడుం పట్టేసి కూలబడ్డాడు. వాణ్ణి భుజానేసుకున్నా. కిందికొస్తే అంబులెన్సు బురదలో కూరుకుపోయి ఉంది. రెండో చేత్తో దాన్నెత్తి రోడ్డు మీద పెట్టా."

"అందులో రోగి ఉన్నాడా?"

"ఉన్నాడు. నన్ను చూసి సిగ్గేసి, దిగి నడిచి వెళ్లిపోయాడు."

బావమరిది ముందుకు జరిగాడు. "అయితే బావా, రెండో వారానికల్లా నేను పనికెళ్లొచ్చా? మూడు నెలలు వంగొద్దు, బరువెత్తొద్దు అంటున్నాడు డాక్టరు. అన్నాళ్లంటే గోడౌను వాళ్లు ఆగరు."

"వాడి మొహం! వారం చాలు! ముందు ఇది ముట్టించు. మానేసి మానేసి మొహం పీక్కుపోయింది నీకు."

తమ్ముడు సిగరెట్టు అందుకుని నోట్లో పెట్టుకున్నాడు.

ఇన్నేళ్ల కాపురంలో ఆమె వీధిలో గొంతెత్తి ఎరగదు. స్నానాల గదిలోంచి పొగ వస్తే కిటికీలోంచి వచ్చిందన్నాడు, ఊరుకుంది. మొన్న డాక్టరు చెప్పిన సంగతి గడప దాటనివ్వనని ఒట్టేయించుకున్నాడు, వేసింది. దేవుడా, ఈ ఒట్టు ఇక నీదే భారం అనుకుంది.

"ఏవండీ, ఒక్క మాట. కుర్చీ కాలు అతికించి, స్క్రూ బిగించి, జిగురు ఆరకముందే దానిమీద కూర్చుంటే ఏమవుతుంది?"

మేస్త్రీ దేని గురించైనా కోతలు కోస్తాడు గానీ చెక్కపని గురించి మాత్రం కొయ్యడు.

"ఏ వెధవ కూర్చుంటాడే? అతుకు ఊడొచ్చేస్తుంది! స్క్రూ ఒక్కటీ ఎన్నాళ్లు మోస్తుంది? అదీ వదులైపోతుంది. మళ్లీ మొదట్నుంచీ..." అని గబగబా అనేసి, టక్కున ఆగిపోయాడు.

"ఆ వెధవ మీరే!" అంది ఆమె.

అని, తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావకు ఎముక అతకలేదురా. చాటుగా పొగ తాగారు. నెల తిరక్కముందే తలుపు చెక్క ఎత్తారు. లోపల స్క్రూ కదిలిపోయింది. మళ్లీ కోస్తారట! రాత్రిళ్లు నొప్పికి ఏడుస్తున్నారు, పట్టుకుని పక్కకు తిప్పేది నేను. ఇది నీకు చెప్పాల్సిన మనిషి, చూడు, నీ నోట్లో ఏం పెట్టాడో!"

మేస్త్రీ మొహం కందగడ్డ అయింది. పెళ్లాం మీదికి లేచే కోపమంతా ఎటు పోవాలో తెలియక బావమరిది మీదికి మళ్లింది. వాడి నోట్లోంచి సిగరెట్టు లాగి రెండు ముక్కలు చేశాడు.

"మూడు నెల్లలోపు మంచం దిగి బస్తా ముట్టుకున్నావో, తన్ని పడుకోబెడతా నిన్ను!"

"ఏ కాలితో బావా?" అన్నాడు వాడు.

బంకంతా గొల్లుమంది. మేస్త్రీ విసురుగా లేవబోయి, సగంలోనే బెంచీ అంచు పట్టుకుని ఆగిపోయాడు.

"చెయ్యివ్వు," అన్నాడు పళ్ల బిగువున.

ఆమె ఇచ్చింది, అరచెయ్యి పైకి తిప్పి. ఆయన ఆ చేతిని చూశాడు, ఆమె మొహం చూశాడు. జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి అందులో పెట్టాడు. అప్పుడు గానీ ఆమె రెండో చెయ్యి ముందుకు రాలేదు.